రోహిణి కార్తె కబుర్లు

రోహిణి కార్తె వచ్చేసింది. ఆవకాయ జాడీలకు వాసెన కట్టేశారు, మేడల మీద వడియాలు పెళపెళ ఎండుతున్నాయి. బడులు తెరిచేలోపు పిల్లలు క్రికెట్ కరువు తీర్చుకుంటున్నారు. హైదరాబాద్‌లో అప్పుడే మృగశిర చేప ప్రసాదం మాటలు మొదలయ్యాయి. ఈ ఎండల్లో గాలిలో ఇంకొకటి కూడా తయారవుతోంది, అదే ఓజోన్.

ఎక్కడో ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉన్నంతసేపూ ఓజోన్ మనకు గొడుగు. ముక్కుదాకా వస్తే మాత్రం గొంతు మంట, దగ్గు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం. ఇది ఏ పొగగొట్టంలోంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకు పెట్రోలు, పెయింట్లు, థిన్నర్ల ఆవిర్లు తోడై ఎండ తగిలితే పుడుతుంది. బంకులో బైకు ట్యాంకు మూత తీయగానే మూతి దగ్గర గాలి సన్నగా వణుకుతుంది చూడండి, ఆ ఆవిరే.

కాబట్టి ఓజోన్ మీద పెత్తనం చాలావరకు వాతావరణానిదే. మబ్బు లేకుండా, ఆకు కదలకుండా ఉక్కపోసే రోజున మధ్యాహ్నం దాటాక బాగా పెరుగుతుంది. పొద్దు వాలితే కొత్తగా పుట్టదు. పైగా రోడ్డు మీది తాజా పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఉన్నదాన్ని కొంత హరిస్తుంది. అందుకే ఒక్కోసారి రద్దీ కూడలిలో కన్నా, గాలి వాటున ఉన్న శివారు ఊళ్లలోనే ఓజోన్ ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో బండ్లు ఆగినా చాలా నగరాల్లో ఓజోన్ తగ్గకపోగా కొన్నిచోట్ల పెరిగింది. బండ్లు తగ్గితే చాలు, గాలి బాగుపడుతుందని అనుకునేవాళ్లు ఇది గమనించాలి. పొగతోపాటు ఆవిర్లనూ కట్టడి చేయాల్సిందే.

తొలకరి పడితే ఊరట. వాన కడిగేస్తుందని కాదు, ఓజోన్ నీళ్లలో అంతగా కరగదు. మబ్బులు ఎండను ఆపుతాయి, రుతుపవనాల గాలి ఉన్నదాన్ని చెదరగొడుతుంది.

మన దేశంలో ఎనిమిది గంటల సగటుకు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల ‘సమీర్’ యాప్‌లో మీ దగ్గరి కేంద్రం లెక్క చూసుకోవచ్చు. దుమ్మును ఆపే మాస్కు ఈ వాయువును ఆపదు. అందుకని తొలకరి పడేదాకా పిల్లల ఆటలు పొద్దున్నే కానివ్వండి, పెట్రోలు పొద్దుగూకాక పోయించుకోండి.