సత్రం, పూటకూళ్ళ ఇల్లు

బాటసారికి కూడూ నీడా దొరికే చోట్లకి తెలుగులో రెండు పాత మాటలున్నాయి: సత్రం, పూటకూళ్ళ ఇల్లు. ఒకచోట డబ్బు తీసుకోరు, రెండోచోట తీసుకుంటారు. అర్థంలో తేడా ఇంతే. మర్యాదలో తేడా మాత్రం చాలా పెద్దది.

వైదిక పరిభాషలో సత్రమంటే పన్నెండు రోజులు, అంతకు మించీ సాగే సోమయాగం. అందులో ఋత్విక్కులంతా యజమానులే కనక దక్షిణ వుండదు. మాట అన్నదానానికి మారాక కూడా ఆ పవిత్రత పోలేదు. దాత పేరు రాతిపలక మీదికెక్కింది. పొయ్యి దగ్గర చెమటోడ్చిన వాళ్ళ పేర్లు ఎక్కలేదు. ఏ కులం వాళ్ళు ఏ పంక్తిలో కూర్చోవాలో, ఎవరు గడప దాటకూడదో కూడా ఆ పుణ్యం లెక్కలోనే వుండేది.

పూటకూడు దాపరికం లేని మాట. పూటకింత కూడు, దానికింత వెల. క్రీడాభిరామంలో ఓరుగల్లులో రూకకి భోజనం దొరికేది లక్ష్మణవజ్ఝల ఇంట్లో. అక్కడున్నది రుచుల వర్ణనే, నింద కాదు. గురజాడ తిరగరాసి 1909లో అచ్చువేసిన కన్యాశుల్కంలో ఆ పని చేసేది వితంతువు. ఆమెకి పేరైనా లేదు, పూటకూళ్ళమ్మ, అంతే. తన డబ్బు కాజేసిన గిరీశం కోసం చీపురు పట్టుకొస్తే మనం నవ్వుతాం. నవ్వాక, ఆ డబ్బు ఎన్ని పూటల వంటో లెక్కవేసుకోం.

అదే 1909లో డొక్కా సీతమ్మ చనిపోయారు. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన ఆ తల్లిని అన్నపూర్ణ అన్నారు. ఆమె గొప్పతనాన్ని తగ్గించాలని కాదు నా ఉద్దేశం. పెట్టడానికి పొలం, ఇల్లు వున్న స్త్రీ దాత కాగలదు. వంట తప్ప మరో ఆధారం లేని స్త్రీ వెల అడగక తప్పదు. అడిగిన వెంటనే ఆమె శీలం చర్చకొస్తుంది.

నేను పిహెచ్‌డి చేసేటప్పుడు వున్న హాస్టలు ఒకామె నడిపేది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి ముప్పైమందికి వండేది. నెల మొదట్లో అద్దె అడిగితే మాత్రం "డబ్బు మనిషి" అనే మాట వినబడేది. అదే వంట మా అమ్మ ఇంట్లో చేస్తే ప్రేమ. ఆ ప్రేమకి విసుగొచ్చినప్పుడు అమ్మ నోట వచ్చే మాట, "ఇదేమన్నా సత్రమనుకున్నారా?"

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి సీతమ్మ పేరు పెట్టింది. మంచిదే. అయితే ఆ భోజనం వండే స్త్రీలకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. సత్రం మర్యాద చూపించి పూటకూలి ఎగ్గొట్టే పద్ధతికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు.