అరకు వానకు కారు సిద్ధమేనా?

అరకు చూడాలంటే శీతాకాలమే అంటారంతా. వలిసె పూల కోసమైతే నిజమే. విశాఖలో పుట్టి పెరిగిన నన్నడిగితే మాత్రం జులై, ఆగస్టు అంటాను. కొండంతా పచ్చగా తడిసి, మబ్బు రోడ్డు మీదకి దిగి మన కారు పక్కనుంచే వెళ్లిపోతుంటే ఆ అందమే వేరు. కాకపోతే అది చూడాలంటే ముందు అద్దంలోంచి ఏదో ఒకటి కనిపించాలి కదా! నిరుడు మాకు అదే జరగలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, వెనకసీట్లో పులిహోర డబ్బాతో అమ్మ. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట... అంతా పొడిగానే ఉంది. బొడ్డవర దాటి ఘాట్ మొదలైందో లేదో వాన అందుకుంది. వైపర్ వేశాను. వేసవంతా ఎండలో నిలబడి దాని రబ్బరు అట్టముక్కలా బిగుసుకుపోయింది. నీళ్లు తుడవడం మానేసి అద్దమంతా పులమడం మొదలెట్టింది. దానికి తోడు ఐదుగురి ఊపిరీ లోపల ఆవిరిలా పట్టింది. మా ఆవిడ చున్నీతో తుడవడం, అది మళ్లీ పట్టడం. టైడ దగ్గర వంపులో ఎదురుగా హారన్ మోగాకే తెలిసింది, వచ్చేది బస్సని. బ్రేకు తొక్కితే కారు ఆగలేదు, జారింది. లోయవైపు పిట్టగోడకి జానెడు దూరంలో నిలబడింది.

అమ్మ ఒక్క మాటా అనలేదు. పులిహోర డబ్బాని మాత్రం రెండు చేతులా ఒళ్లో అదిమి పట్టుకుంది. వాన తెరిపి ఇచ్చేదాకా ఓ పక్కన ఆగి, అరకు మొహం చూడకుండానే ఇంటికొచ్చేశాం.

అందుకే ఈసారి మే నెలాఖర్లోనే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతనికి మాటలెక్కువ. బానెట్ ఎత్తకుండానే టైరు మీద చెయ్యేసి నిమిరాడు. ‘‘ఏటి సార్, ఇది టైరా, గుండా? దీంతోనా కొండెక్కీసినారు?’’ అన్నాడు. టైరు చారల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మలుంటాయి, చూశారా? టైరు అరిగి వాటితో సమానమైందంటే ఇక మార్చాల్సిందే. రూలు ప్రకారం కారు టైరు చారల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వాన రోడ్డుకి అంతకంటే ఎక్కువే ఉండాలంటాను. కింద పడ్డ నీటిని పక్కకి తోసేది ఆ చారలే. అవి లేకపోతే టైరుకీ రోడ్డుకీ మధ్య నీటి పొర మిగిలిపోతుంది, కారు దాని మీద తేలుతుంది. ఇక బ్రేకులు ఎంత మంచివైనా ఒకటే. ఖర్చుకి జడిసి ముందువి రెండే మారుద్దామన్నాను. ‘‘అప్పుడు వంపులో ఎనక జారిపోదేటి?’’ అన్నాడు. నాలుగూ మార్పించాను. మా ఇంట్లో కొత్త ఫ్రిజ్ మాట ఆ నెల మళ్లీ రాలేదు.

మిగతావి చిన్న ఖర్చులే. వైపర్ రబ్బర్లు మార్చాం. బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లటి పొక్కు వేణ్నీళ్లతో కడిగాడు. బ్రేకులు, లైట్లు, స్టెప్నీలో గాలి చూశాడు. డోర్ల అడుగున నీళ్లు కారిపోయే కన్నాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. మావి మట్టితో పూడిపోయి ఉన్నాయి. ఇక అద్దం మీద ఆవిరికైతే పైసా ఖర్చు లేదు. ఏసీ వేసి గాలిని ముందరి అద్దం మీదకి తిప్పితే చాలు. చలేస్తోందని మనం ఏసీ కట్టేస్తాం. గాల్లో తేమని లాగేసేదే అది!

జులైలో మళ్లీ బయల్దేరాం. అదే ఘాట్, అదే వాన. డముకు దగ్గర లోయ నిండా పాలపొంగులా మబ్బు. గాలికొండకి వచ్చేసరికి పది గజాల అవతల ఏమీ లేదు. హెడ్‌లైట్లు డిమ్‌లో పెట్టి, రెండో గేర్లో పాకుతూ వెళ్లాం. కొందరు నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని పోతుంటారు. ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? సుంకరమెట్టలో కాఫీ తాగాం. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరకు కాఫీని ఆ తోటల పక్కనే, తడి చెప్పులతో నిలబడి తాగాలి.

మధ్యాహ్నం పిల్లలు చాపరాయి అన్నారు. పాడేరు దారిలో ఒకచోట వాగు రోడ్డు మీదుగా పారుతోంది. మా ముందే ఓ జీపు దాటింది. నా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. గట్టున గొడుగేసుకున్న పెద్దాయన ‘‘ఎల్లకండి బాబూ’’ అన్నాడు. చిన్న కారు తేలడానికి అడుగు లోతు నీళ్లు చాలు. మధ్యలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేశామా, ఇంజిన్‌లోకి నీళ్లు లాగి అది పాడవుతుంది. ఆ నష్టం మామూలు బీమాలో సాధారణంగా రాదు, దానికి విడిగా కట్టుకోవాలి. కారు వెనక్కి తిప్పాను. పిల్లలు అలిగారు.

ఓ ఎత్తు చూసి ఆపాను. పైకప్పు మీద వాన టపటపలాడుతోంది. ‘‘ఆకలేస్తోందర్రా’’ అంటూ అమ్మ డబ్బా మూత తీసింది.