పాంథపథ్‌లో ఫొటో బడి

ఢాకాలో పాంథపథ్ రోడ్డు మీద రిక్షాల సందుల్లోంచి దూరి, దృక్‌పాఠ్ భవన్ చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. దృక్ ఏజెన్సీ, దాని గ్యాలరీ, 'పాఠశాల' అనే ఫొటోగ్రఫీ కళాశాల, అన్నీ ఇందులోనే. వీటిని నిలబెట్టిన షహీదుల్ ఆలం లండన్‌లో రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. స్నేహితుడి కోసం నికాన్ కెమెరా కొంటే అతను డబ్బు కట్టలేక వదిలేశాడట. అలా కెమెరా ఈయనకే మిగిలింది. 1984లో తిరిగొచ్చి, 1989లో దృక్, 1998లో పాఠశాల పెట్టారు. ఆ వెంటనే ఛొబి మేళా అనే అంతర్జాతీయ ఫొటో ఉత్సవం మొదలైంది.

తన ఫొటోలు తాను తీసుకోక ఇన్ని నెత్తికెత్తుకోవడం దేనికి? బంగ్లాదేశ్ అంటే వరదలూ ఆకలీ అన్న పేరు పరాయి కెమెరాలు తెచ్చిపెట్టిందే. అది పోవాలంటే తీసేవాళ్ళు ఇక్కడే తయారవాలి, చూపించే గోడలూ ఇక్కడే లేవాలి. కూలిపోయిన బట్టల ఫ్యాక్టరీల భవనం రానా ప్లాజా శిథిలాల్లో ఒకరినొకరు పట్టుకుని ప్రాణాలు విడిచిన జంటను 2013లో ఫొటో తీసిన తస్లీమా అఖ్తర్ ఇక్కడ చదువుకున్నవారే.

ఒక తరగతిలో విద్యార్థులు బల్ల నిండా చిన్న ప్రింట్లు పరిచి ఏరుతున్నారు. నాకు అన్నిట్లోకీ బాగుందనిపించిన ఫొటోనే ముందు పక్కకు తోసేశారు. ఎందుకని అడిగాను. "దీన్ని ఉంచితే మిగతావాటిని ఎవరూ చూడరండీ" అంది వాళ్ళలో ఒక పిల్ల. ఎవరి ఫొటో అంటే, తనదే.

ఆలం 'కల్పన యోధులు' ప్రదర్శనలోని చాపల్లో ఒకదాన్నీ దగ్గరగా చూశాను. కొండ ప్రాంతపు ఉద్యమకారిణి కల్పనా చక్మాను 1996 జూన్ 12న ఎత్తుకుపోయారు, ఇప్పటికీ ఆచూకీ లేదు. ఆమె కోసం పోరాడినవాళ్ళ ముఖాలను ఆలం గడ్డి చాపల మీద లేజర్‌తో కాల్చి చెక్కించారు. ఆమె పడుకున్నది చాప మీదే, కొండ జనం ఇళ్ళు పోయింది నిప్పుకే. ముక్కు ఆనించి చూస్తే మాడిన గడ్డి పోచలు తప్ప ఏమీ లేదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే చాప మీద ముఖం, కళ్ళు కనిపించాయి. నా మటుకు ఆయన వార్తా చిత్రాలన్నిటికంటే ఇదే గొప్ప పని. దీన్ని ఫొటో అనాలో ప్రదర్శన అనాలో తేల్చడం కష్టం.

2010లో భద్రతా దళాల చట్టవిరుద్ధ కాల్పుల మీద 'క్రాస్‌ఫైర్' ప్రదర్శన పెడితే పోలీసులు గ్యాలరీ గేటుకు అడ్డం నిలబడ్డారు. ప్రారంభించడానికి వచ్చిన బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ఆ పని రోడ్డు మీదే కానిచ్చారు. అన్నట్టు, ఛొబి మేళా ఫొటోలను రిక్షా వ్యాన్ల మీద కట్టి బస్తీల్లో తిప్పడమూ ఉంది. వ్యాన్‌కు గేటుండదు కదా.

2018 ఆగస్టులో ఆలంనే పట్టుకుపోయి 107 రోజులు జైల్లో పెట్టారు. అక్కడ కెమెరా ఎవరిస్తారు? బయటికొచ్చాక ఆర్కిటెక్టు అయిన మేనకోడలు సోఫియా కరీంతో ఆ జైలు నమూనా కట్టించి ప్రదర్శనకు పెట్టారు.