ఎర్రుపాలెంలో ఎస్‌ప్రెస్సో

మా ఎర్రుపాలెంలో కాఫీ అంటే పాలల్లో పొడి, పంచదార. అంతే. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చాక నాకు కడక్ కాఫీ దిగులు పట్టుకుంది. దాన్ని తీర్చింది మోకా పాట్.

1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి మార్కెట్‌లోకి తెచ్చిన పాత్ర ఇది. కరెంటుతో పనిలేదు, గ్యాస్ పొయ్యి చాలు. కింది అరలో వాల్వ్ దాటకుండా వేడినీళ్లు పోయాలి. మధ్య జల్లెడలో పొడి నింపాలి, అదమొద్దు. సన్న మంట మీద పెడితే ఆవిరి ఒత్తిడికి నీళ్లు పొడిలోంచి పైకెక్కుతాయి. గురగుర మొదలవగానే దించేయండి, లేదంటే ఒకటే చేదు. మామూలు అల్యూమినియం పాట్ ఇండక్షన్ మీద పనిచేయదు, చూసుకుని కొనండి.

నిజానికిది అసలు ఎస్‌ప్రెస్సో కాదు. మెషీన్‌లో ఒత్తిడి 9 బార్ల దాకా ఉంటుంది, ఇందులో చాలా తక్కువ. చిక్కటి డికాషన్ అనుకోండి.

పొడి మాత్రం మన అరకుదే. గిరిజన రైతులు చెట్ల నీడన పండించే ఈ అరబికాకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది.

"ఏందిరా ఇది, కషాయమా?" అంది అమ్మ. నాయన మాత్రం పాలు కలిపిస్తే గ్లాసు ఖాళీ చేసి, పొలం అప్పు సంగతి మెల్లగా చెప్పాడు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ ఫోన్‌లో మా మాట "తిన్నావా" దాటలేదు మరి.

వచ్చే నెల ఆఫీసుకి రమ్మన్నారు. పాట్ ఇంట్లోనే ఉంచి వెళ్తా. నాయనకి సన్న మంట లెక్క నేర్పుతున్నా.