నాన్నగారి మారుతీ... ఆ రెండు గీతలూ!

మన సినిమాల్లో హీరోగారి కారు నడిరోడ్డు మీద ఆగిపోయే సీను మీకు కొత్తేం కాదు. బానెట్ ఎత్తుతాడు, పొగ కక్కుతుంది, హీరోయిన్ నీళ్లు తెస్తుంది, పాట మొదలవుతుంది! కానీ డిప్‌స్టిక్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, ఆయిలెంతుందో చూసిన హీరో నాకైతే ఇంతవరకూ తగల్లేదు. 'శివ' (1989)లో నాగార్జున సైకిల్ చైన్ లాగితే హాళ్లు దద్దరిల్లాయి. ఈ కడ్డీ లాగితే ఈల వేసేదెవరు చెప్పండి?

సరే, అసలు సంగతికొస్తాను. మా నాన్నగారు సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక్క విలాసం మారుతీ 800. 1983 డిసెంబరులో తొలిసారి రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మోడల్. 796 సీసీ, మూడు సిలిండర్లు. చెల్లెల్ని అత్తారింటికి పంపింది ఆ బండిలోనే.

ఆ మధ్య ఒక వర్క్‌షాపులో ఆయిల్ మార్పించాం. మర్నాటి నుంచే సైలెన్సర్‌లో నీలం పొగ, బండి కింద నూనె చుక్కలు! ఇంకో మెకానిక్‌కి చూపిస్తే "రింగులు పోయినయ్ సార్, ఇంజన్ విప్పాల్సిందే" అని చెప్పిన ఖర్చు బండి ఖరీదుని మించిపోయింది. పాత కార్లు కొనేవాడొకడు ఇంటికొచ్చి తుక్కు రేటు చెప్పి వెళ్లాడు. నాన్నగారు ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

చివరి ప్రయత్నంగా రాణీగంజ్‌లో ఒక పెద్ద మెకానిక్‌ని ఇంటికి పిల్చుకొచ్చాను. మా సందు ఏటవాలు. "ఇక్కడ చూస్తే కడ్డీ అబద్ధం చెప్తది సాబ్" అని బండిని చదునైన రోడ్డు మీదికి తీయించాడు. ఇంజన్ ఆపి, నూనె కిందికి దిగాలని పది నిమిషాలు బీడీ కాల్చుకున్నాడు. అప్పుడు కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి లాగాడు. కింది గీత కనీసం, పై గీత గరిష్ఠం. మా నూనె పై గీత దాటి బొటనవేలంత పైకి!

బిల్లు తీసి చూస్తే మూడున్నర లీటర్ల డబ్బా. మొత్తం గుమ్మరించారన్నమాట! ఫిల్టర్ మార్చినా ఈ చిన్న ఇంజన్ మూడు లీటర్లకు మించి అడగదు. బండితో ఇచ్చే పుస్తకంలో రెండు లెక్కలుంటాయి: ఫిల్టర్‌తో మారిస్తే ఇంత, ఫిల్టర్ మార్చకపోతే ఇంత అని. ఆ పుస్తకాన్ని చాలామంది ఇళ్లలో పెళ్లి శుభలేఖల కట్టలో పడేస్తారు, అది వేరే కథ!

నూనె తక్కువైతే బేరింగులు అరిగి ఇంజన్ పట్టేస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే ఏమవుతుంది? "నెయ్యి ఎక్కువైతే పప్పు పాడవుద్దా?" అని మా బాబాయి వాదన. పాడవుతుంది బాబాయ్! అడుగున చాంబర్‌లో నూనె మట్టం పెరిగితే, గిర్రున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దానికి తగిలి కవ్వంలా చిలికేస్తుంది. నురగొస్తుంది. పంపు నూనెతో పాటు గాలినీ లాగుతుంది, ప్రెషర్ పడిపోతుంది. పైగా సీళ్ల దగ్గర కారుతుంది, గాలిగొట్టం గుండా సిలిండర్లలోకి చేరి మండుతుంది. అదే మా నీలం పొగ!

ఆయన చాంబర్ నట్టు వదులు చేసి, నూనె పై గీత దగ్గరికొచ్చేదాకా డబ్బాలోకి వదిలాడు. ఈసారి మార్చినప్పుడు లెక్కకన్నా కాస్త తక్కువే పోసి, ఇంజన్ ఒక నిమిషం నడిపి ఫిల్టర్ నిండనిచ్చి, ఆపి, కాసేపాగి, కడ్డీ చూసుకుంటూ మిగతాది పొయ్యమన్నాడు. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా లీటరు దాకా ఉంటుందట. కాబట్టి చెంబుతో కాదు, గ్లాసుతో పొయ్యాలి. పొగ రెండు మూడు రోజుల్లో పల్చబడి ఆగిపోయింది. ఇంజన్ విప్పే పనే రాలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే తుక్కు రేటు చెప్పినాయన ఫోన్ చేశాడు. నాన్నగారు పాత బనీను గుడ్డతో కడ్డీ తుడుస్తూనే ఫోనెత్తి, "ఇవాళ కుదర్దు నాయనా, మేం బండిలో యాదగిరిగుట్ట వెళ్తున్నాం" అన్నారు.