స్కూటరును అరడుగు సాగదీస్తే...

శ్రావణమాసం, అందులోనూ శనివారం. వేంపల్లె నుంచి గండికి వెళ్లే దారి తెల్లారేసరికే నిండిపోతుంది. ఆటోలు, జీపులు, ట్రాక్టర్లు... వాటి సందుల్లోంచి స్కూటర్లు. ముందర కాళ్లు పెట్టుకునే చోట పెద్దోడు నిలబడతాడు. నాన్న తోలుతుంటాడు. వెనక అమ్మ, ఆమె ఒళ్లో చంటిది. ఇద్దరి మధ్యా ఇరుక్కుని చిన్నమ్మాయి. కొక్కేనికి టెంకాయల సంచి. ఇద్దరి కోసం చేసిన బండి మీద అయిదుగురు! ఇంకో అరడుగు పొడుగుంటే ఎంత బాగుండో అని ఆ ఇంట్లో ఎవరికో ఒకరికి అనిపించకుండా ఉంటుందా?

అమెరికాలో కుర్రాళ్లు హోండా రకస్ అనే చిన్న స్కూటరును మధ్యలో సాగదీసి, ఇంజిన్ని వెనక్కి జరిపి, లావుపాటి టైరు తగిలించి మురిసిపోతారు. వాళ్లది సోకు. కడప జిల్లాలో అలాంటి ఆలోచన వస్తే అది అవసరం కొద్దీ వచ్చిందే.

పాపఘ్ని ఒడ్డున, కడప–పులివెందుల దారిలో ఉన్న మండల కేంద్రం వేంపల్లె. చుట్టుపక్కల పల్లెలకు సంత, ఆస్పత్రి, విత్తనాలు, ఎరువులు అన్నీ ఇక్కడే. ఇడుపులపాయ ఈ మండలంలోదే. 2008లో అక్కడ ట్రిపుల్ ఐటీ వచ్చింది. మరోవైపు పాపఘ్ని కొండను చీల్చుకుని పారే చోటు గండి. అక్కడ వీరాంజనేయస్వామి గుడి. కొండకూ కొండకూ మధ్య వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందనీ, దాన్ని చూసినవాళ్లు ఎక్కువకాలం బతకరనీ, థామస్ మన్రో దొర కంట పడిందనీ స్థానికులు కథగా చెప్పుకుంటారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట మాత్రం చరిత్రే.

ఇలాంటి చోట స్కూటరంటే షికారు బండి కాదు. శెనక్కాయల మూట, పశువుల దాణా, చీనీకాయల సంచి, పాల క్యాన్లు... ఒకప్పుడు ఎద్దులబండి మోసినవన్నీ అది మోయాలి.

ఎద్దులబండి లెక్క

ఎద్దులబండి తోలిన పెద్దాయనకు వీల్‌బేస్ అంటే తెలియకపోవచ్చు గానీ, దాని వెనకున్న సూత్రం బాగా తెలుసు. బరువంతా వెనక్కి సర్దితే కాడి పైకి లేస్తుంది. ముందుకు సర్దితే ఎద్దుల మెడలు విరుగుతాయి. స్కూటరుకూ అంతే. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉన్న దూరమే వీల్‌బేస్. యాక్టివా 6జీలో అది 1,260 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగుల చిల్లర.

ఆ బండి వెనక ఇరుసుకు అడుగు దూరంలో, క్యారియర్ చివర, 50 కిలోల మూట కట్టారనుకోండి. ముందు చక్రం మీద పడాల్సిన బరువులో దాదాపు 12 కిలోలు తగ్గిపోతుంది. చదును రోడ్డు మీద హ్యాండిల్ కాస్త తేలికైనట్టు ఉంటుంది, అంతే. ఎగువ రోడ్డెక్కితే మాత్రం ‘ముందర తేలిపోతాంది’ అంటారు. తేలిన చక్రం చెప్పిన మాట వినదు. ఇసుక మీదైతే అసలే వినదు. ముందు బ్రేకు పట్టుకూ కోత పడుతుంది.

ఇప్పుడు అదే బండి వెనక చక్రాన్ని అరడుగు వెనక్కి జరిపితే? మూట ఇరుసుకు అరడుగు దూరంలోకి వస్తుంది. ముందు చక్రం నుంచి పోయే బరువు అయిదు కిలోల చిల్లరకు దిగుతుంది. కాగితం మీద లెక్క భలేగా ఉంది. కానీ బండి కాగితం కాదు కదా!

అసలు తంటా ఎక్కడ?

మోటారు సైకిలైతే వెనక చక్రాన్ని పట్టుకునే చేతిని పొడుగు చేసి, చైన్లో నాలుగు లింకులు పెంచితే చక్రం వెనక్కి వెళుతుంది. స్కూటరుకు చైనేదీ? చాలా స్కూటర్లలో ఇంజిన్, గేర్లు లేదా బెల్టు, వెనక చక్రం అన్నీ ఒకే ముద్ద. ఆ ముద్దే పైకీ కిందికీ ఊగుతుంది. కాబట్టి చక్రం ఒక్కటే కదలదు, ఇంజిన్ మొత్తాన్ని కదిలించాలి. పెట్రోలు గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేకు కేబుల్, వైర్లు అన్నీ పొడుగు కావాలి.

పాత బజాజ్ చేతక్‌తో ఇంకో చిక్కు. దానికి విడిగా ఫ్రేమే లేదు. నొక్కి మడిచిన ఇనుప రేకు ఒళ్లే దాని వెన్నెముక. మధ్యలో కోసి అతుకు వేయడమంటే వెన్నెముకనే కోసినట్టు. రెండు రాళ్ల మీద పరిచిన చెక్క పొడుగయ్యేకొద్దీ నడుమ వంగుతుంది. స్కూటరు కూడా అంతే. ఆ వంపంతా వెల్డింగ్ అతుకు మీద పడుతుంది. అతుకు ఒక్కరోజులో విరగదు. రంగు కింద వెంట్రుకంత చీలిక మొదలై, గతుకు గతుకుకీ సాగి, ఏదో ఒకరోజు బండి నిండా జనం ఉన్నప్పుడు తెగుతుంది. పైగా పొడుగు బండి సందుల్లో ఓ పట్టాన తిరగదు. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే పొట్ట రాసుకుంటుంది.

కందిరీగ తేనెటీగైంది

ఈ చిక్కును ఇటలీలో పియాజియో వాళ్లు ఎప్పుడో తేల్చేశారు. 1946లో వెస్పా స్కూటర్ తెచ్చారు. వెస్పా అంటే కందిరీగ. రెండేళ్లకే సరుకులు మోయడానికి దాని వెనక రెండు చక్రాల ఇరుసు, పైన తొట్టి పెట్టి ‘ఆపే’ అన్నారు. ఆపే అంటే తేనెటీగ. సాగదీసిన స్కూటర్లలో నిజంగా గెలిచింది ఇదొక్కటే అనొచ్చు. 1999లో మనదేశంలో దాని తయారీ మొదలయ్యాక రాయలసీమ పల్లెలకూ వచ్చేసింది. పేరు ఆపే గానీ, జనం నిండేదాకా కదలదు, కదిలాక ఆపమన్నా ఆగదు! మూట వేసుకోవాలన్నా, నలుగురు కూర్చోవాలన్నా అరడుగు స్కూటరు కంటే ఇదే నయం. ఇంజినీర్లు లెక్కలేసి, పరీక్షలు చేసి, చట్రం బలంగా కట్టిన సాగదీత ఇది.

కార్డులో రాసున్న అంకె

బండి రిజిస్ట్రేషన్ వివరాల్లో రంగు, ఛాసిస్ నంబరుతో పాటు వీల్‌బేస్ కూడా రాసి ఉంటుంది. చాలామంది ఆ గడి వైపు చూడరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఇలా మార్చుకున్న యజమానికి మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. అతుకు తెగి ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ తప్పదు. పోనీ సీటు పొడుగు చేసుకున్నా లాభం లేదు. తోలేవారి వెనక ఒక్కరే కూర్చోవాలి.

ఒక్కరికి మాత్రం చట్టం దారి వదిలింది. కాళ్లు సహకరించని వ్యక్తి తన స్కూటరును తనకు తగ్గట్టు మార్పించుకుని, రవాణా శాఖ అధికారి ఆమోదంతో రిజిస్ట్రేషన్లో రాయించుకోవచ్చు. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు చక్రాలు బిగిస్తారు. లెక్కపెడితే నాలుగున్నా, అందరూ మూడు చక్రాల బండే అంటారు. ఇక్కడ పెరిగేది పొడుగు కాదు, వెడల్పు. బండి ఆగినప్పుడు కాలు నేల మీద ఆనించాల్సిన పని ఉండదు. ఒకరి సాయం లేకుండా కొట్టు తెరవడానికో, కాలేజీకో, పింఛను కోసమో వెళ్లి రావచ్చు. సోకు కోసం చేసే మార్పుకూ దీనికీ పోలికే లేదు. చట్టం ఆ తేడా గుర్తించడం మంచి పని.

అయితే దాన్ని తోలడం వేరే విద్య. మలుపులో మామూలు స్కూటరులా పక్కకు వాలదు. వేగంగా తిప్పితే బయటివైపు బోల్తా కొడుతుంది. అందుకే మలుపు రాకముందే వేగం తగ్గించాలి. రెండు చక్రాల బండి గుంత పక్కనుంచి తప్పించుకుపోతుంది. దీనికి ఆ వీలు లేదు. ముందు చక్రాన్ని తప్పిస్తే పక్క చక్రం దిగుతుంది, ఎడమది తప్పిస్తే కుడిది. పల్లె నుంచి వేంపల్లెకు వచ్చే మట్టిదారిలో, వాన పడిన మర్నాడు, ఆ బండి ఎక్కిన మనిషి ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే ఏ గుంతలోకి ఏ చక్రం దించాలో లెక్క వేసుకుని రావాలి.