మా కొలువులో బొబ్బిలి యుద్ధం

సంక్రాంతికి మీరు బొమ్మల కొలువు పెడతారా? తిరువూరులో మా ఇంట్లో ఈసారి పేరంటానికొచ్చిన స్నేహితురాళ్ళతో ఏకంగా యుద్ధమే చేయించాను!

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం మీకు తెలిసిందే. విజయనగరం ప్రభువు విజయరామరాజుకు తోడుగా ఫ్రెంచి బుస్సీ ఫిరంగులతో వచ్చాడు. కోటలో రంగారాయుడి మనుషులు కొద్దిమందే.

అగ్గిపెట్టెలతో కోట కట్టాం. సైనికులు చింతగింజలు, ఫిరంగులు ఖాళీ దారపు రీళ్ళు, కోట లోపల నా కొండపల్లి ఆడబొమ్మలు. గవ్వలు ఎన్ని వెల్లకిలా పడితే ఎదుటివాళ్ళ గింజలు అన్ని తీసెయ్యాలి. ఫిరంగులున్నవాళ్ళు రెండుసార్లు వెయ్యొచ్చు.

ఎదురింటి అక్కయ్యగారు బుస్సీ, నేను బొబ్బిలి. గంటలో నాకు నాలుగు గింజలు మిగిలాయి.

"ఇక ఆడవాళ్ళ సంగతి చూడాలి కదమ్మా" అంది మా అమ్మాయి. కోట దక్కదని తెలిశాక, శత్రువుకు చిక్కకూడదని లోపలి స్త్రీలను, పిల్లలను ఆనాడు సొంతవాళ్ళే చంపేశారు.

నాకు చేతులు రాలేదు. బొమ్మల్ని ఒక్కొక్కటే బయటికి తీసి కుంకుమ భరిణె పక్కన పెట్టాను.

"చరిత్రలో అలా లేదమ్మా!"

"లేదులే. ఆ రోజు వాళ్ళనెవరైనా అడిగారా?" అన్నాను. ఇంటర్‌తో చదువు మాన్పించి పెళ్ళి చేసినప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

కోట పోయింది, ఆట ఓడాను. తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకునే ఘట్టం కూడా ఆడదామన్నారు పిల్లలు. చాల్లెమ్మని అందరికీ శనగలు, తాంబూలం ఇచ్చేశాను.

మీరూ ఆడి చూడండి. గుప్పెడు చింతగింజలు, నాలుగు గవ్వలు చాలు. కోటలోని ఆడవాళ్ళనేం చెయ్యాలో మాత్రం ముందే మీ అమ్మాయిల్ని అడగండి.